నియామకపత్రంలో ‘కతోలిక స్వభావం’ అనే మాట: సంతకానికి ముందు తెలుసుకోవలసింది

ముందుగా మీ ప్రశ్న ఏమిటో చెబుతాను. దక్షిణాదిలోని ఒక కతోలిక (కాథలిక్) విశ్వవిద్యాలయంలో మీకు అర్థశాస్త్రం బోధించే ఉద్యోగం వచ్చింది. నియామకపత్రంలో ‘ఈ సంస్థ కతోలిక స్వభావాన్నీ ధ్యేయాన్నీ గుర్తించి గౌరవిస్తాను’ అనే వాక్యం ఉంది. మీది హిందూ కుటుంబం. సంతకం పెడితే పాఠం మీద, పరిశోధన మీద ఆంక్షలు వస్తాయా, పూజలకు హాజరు కావాలా, ఒక మతానికి కట్టుబడిన సంస్థ నిజమైన విశ్వవిద్యాలయం ఎలా అవుతుంది అన్నవి మీ సందేహాలు.

నేను కోస్తాలో ఒక కతోలిక కళాశాలలో 31 ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. కతోలిక కుటుంబంలోనే పుట్టాను. గురువును కాను, అంటే చర్చిలో పూజ నడిపే ఫాదర్‌ను కాను, గృహస్థుణ్ణి. మా సంస్థ ధ్యేయపత్రం తయారుచేసే సంఘంలో రెండుసార్లు కూర్చున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఆ వాక్యం మీ చేతులను కొద్దిగా కడుతుంది, సంస్థ చేతులను చాలా ఎక్కువగా కడుతుంది. సంతకం మీదే అయినా అందులో అసలు మాట ఇస్తున్నది వాళ్లు. ఆ మాట ఏమిటో తెలుసుకుని చేరిన అధ్యాపకుడికీ, తెలియక భయపడుతూ చేరిన అధ్యాపకుడికీ మధ్య ఉండే తేడాను నేను కళ్లారా చూశాను.

ఆ వాక్యం ఎక్కడినుంచి వచ్చిందో మొదట చూడండి. 1990 ఆగస్టు 15న రెండవ జాన్ పాల్ పోపు కతోలిక విశ్వవిద్యాలయాల కోసం ఒక శాసనపత్రం విడుదల చేశారు. దాని లాటిన్ పేరు ‘ఎక్స్ కోర్దే ఎక్లేసియే’, అంటే ‘శ్రీసభ హృదయం నుంచి’. శ్రీసభ అంటే కతోలిక చర్చి. విశ్వవిద్యాలయం అనే ఏర్పాటే శ్రీసభ ఒడిలో పెరిగిందని గుర్తుచేస్తూ ఆ పత్రం మొదలవుతుంది. పారిస్, ఆక్స్‌ఫర్డ్ వంటివి ఆ వాతావరణంలో ఎదిగినవే. లూవాన్ విశ్వవిద్యాలయం 1425లో పోపు అనుమతితోనే పుట్టింది. విశ్వాసపు వెలుగులో మానవ జ్ఞానమంతటినీ ఆలోచించడం, క్రీస్తు సందేశానికి నమ్మకంగా ఉండడం, మానవ కుటుంబానికి సేవ చేయడం అనేవి ఈ సంస్థల లక్షణాలని పత్రం చెబుతుంది. దాని చివరి భాగంలో నియమాలు ఉన్నాయి. మీకు కావలసింది ఆ భాగమే.

నాలుగో అధికరణం అధ్యాపకులను రెండు వర్గాలుగా చూస్తుంది. కతోలిక అధ్యాపకులు తమ పరిశోధనలోనూ బోధనలోనూ శ్రీసభ బోధనకు నిబద్ధులై ఉండాలి. మిగతావారు దాన్ని గౌరవించాలి. ఇతర మతాలవారు, ఏ మతమూ లేనివారు సంస్థ కతోలిక స్వభావాన్ని ‘గుర్తించి గౌరవించాలి’ అని అక్కడే ఉంది. మీ నియామకపత్రంలోని మాటలు అక్కడివే. ఒప్పుకోవాలనీ నమ్మాలనీ అక్కడ ఎక్కడా లేదు. రెండో అధికరణం ఇంకా ముఖ్యం. శ్రీసభ బోధన సంస్థ పనులన్నింటినీ ప్రభావితం చేయాలని చెబుతూనే, ప్రతి ఒక్కరి అంతఃకరణ స్వేచ్ఛనూ పూర్తిగా గౌరవించాలని అదే వాక్యంలో ఉంది. దాని తర్వాతి పేరా, ఆయా శాస్త్రాల సూత్రాలకూ పద్ధతులకూ తగినట్లు పరిశోధన, బోధన స్వేచ్ఛను గుర్తిస్తుంది. సత్యం, సర్వజనహితం అనే హద్దుల్లో ఆ స్వేచ్ఛ ఉండాలని కూడా అంటుంది.

కతోలికులు కాని అధ్యాపకుల సంఖ్య సగం దాటకూడదని కూడా అదే పత్రంలో ఉంది. మన దేశంలో కతోలికులు చాలా తక్కువ కాబట్టి ఆచరణలో చాలాచోట్ల ఇది సాధ్యం కాదు. మా విభాగంలో ఏడుగురం ఉంటే నేనొక్కణ్ణే కతోలికుణ్ణి. మా సంస్థ స్వభావాన్ని కాపాడినవారిలో ఆ ఆరుగురికీ భాగం ఉందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఎందుకో కిందికి వెళ్లేసరికి మీకు అర్థమవుతుంది.

‘మతానికి కట్టుబడిన సంస్థ విశ్వవిద్యాలయం ఎలా అవుతుంది’ అన్న ప్రశ్నకు నేను తరగతిలో ఒకే మనిషి కథ చెప్పేవాణ్ణి. జార్జ్ లెమైత్ర్ బెల్జియం దేశస్థుడు. 1923లో గురుపట్టాభిషేకం పొంది కతోలిక గురువు అయ్యాడు. లూవాన్ కతోలిక విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా ఉంటూ 1927లో ఒక వ్యాసం రాశాడు. ఐన్‌స్టైన్ సమీకరణాల ప్రకారం విశ్వం నిశ్చలంగా ఉండదు, వ్యాకోచిస్తుంది, నక్షత్రవీథులు దూరమయ్యే వేగం వాటి దూరానికి అనుపాతంలో ఉంటుంది అని అందులో చూపించాడు. ఇదే సంబంధాన్ని చూపిన అమెరికా ఖగోళశాస్త్రజ్ఞుడు హబుల్ ఫలితాలు వెలువడింది 1929లో. వ్యాసం రాసిన 1927లోనే బ్రస్సెల్స్‌లో కలిసినప్పుడు ఐన్‌స్టైన్ ఆయన గణితాన్ని ఒప్పుకున్నాడు, భౌతికశాస్త్రాన్ని మాత్రం తిరస్కరించాడు. 1931లో లెమైత్ర్ ‘ఆది పరమాణువు’ ఊహను ముందుకు తెచ్చాడు. ఈనాడు మనం మహావిస్ఫోట సిద్ధాంతం అంటున్న దానికి అదే బీజం.

విద్యార్థులు సాధారణంగా ఇక్కడ ఆగి, ‘గురువు కాబట్టి సృష్టి కథను శాస్త్రంలోకి తెచ్చాడు’ అనేవారు. ఆ రోజుల్లో కొందరు శాస్త్రవేత్తలు కూడా అలాగే అనుమానించారు. జరిగింది దీనికి పూర్తిగా వేరు. 1951 నవంబరులో పన్నెండవ పయస్ పోపు తన ప్రసంగంలో ఈ కొత్త విశ్వశాస్త్రాన్ని సృష్టికర్త ఉన్నాడనడానికి ఆధారంలా ప్రస్తావించారు. అందుకు సంతోషించవలసిన లెమైత్ర్ కలవరపడ్డాడు. తన సిద్ధాంతం భౌతికశాస్త్రంగానే నిలవాలి, పడిపోతే భౌతికశాస్త్రంగానే పడిపోవాలి, దానికి మతంతో ముడి వేయకూడదు అన్నది ఆయన పట్టు. మరుసటి సంవత్సరం రోములో ఖగోళశాస్త్రజ్ఞుల సభలో మాట్లాడినప్పుడు పోపు ఆ వాదనను మళ్లీ ఎత్తలేదు. పోపు మాట తన సిద్ధాంతానికి బలం చేకూరుస్తున్నప్పుడు కూడా ‘అది నా శాస్త్రం చెప్పిన మాట కాదు’ అనగలిగిన గురువును ఒక కతోలిక విశ్వవిద్యాలయం నిలుపుకుంది. విశ్వాసికి ఏ సత్యమూ శత్రువు కాదన్న నమ్మకం లోపల గట్టిగా ఉన్నవాడే అంత నిబ్బరంగా ఉండగలడు. 2018లో అంతర్జాతీయ ఖగోళ సంఘం సభ్యులు ఓటు వేసి, ఆ వ్యాకోచ నియమాన్ని హబుల్-లెమైత్ర్ నియమం అని పిలవాలని సిఫారసు చేశారు. ఆ వార్త చదివిన రోజున నేను మా పాత ప్రయోగశాలకు వెళ్లి పిల్లలకు చెప్పివచ్చాను.

హద్దులు లేవని మాత్రం అనను. దైవశాస్త్రం బోధించే కతోలికులకు శ్రీసభ అధికారుల అనుమతి కావాలి. అమెరికాలో చార్లెస్ కరన్ అనే గురువు వాషింగ్టన్‌లోని అమెరికా కతోలిక విశ్వవిద్యాలయంలో నైతిక దైవశాస్త్రం చెప్పేవాడు. గర్భనిరోధం వంటి విషయాల్లో శ్రీసభ బోధనతో విభేదించాడు. 1986లో ఆయన కతోలిక దైవశాస్త్రం బోధించడానికి తగడని వాటికన్ ప్రకటించింది. ఆయన కోర్టుకు వెళ్లాడు. 1989లో తీర్పు విశ్వవిద్యాలయం పక్షాన వచ్చింది. శ్రీసభ పేరుతో బోధించేవాడు శ్రీసభ బోధనే చెప్పాలన్న తర్కం నాకు అర్థమవుతుంది. అయినా ఒక అధ్యాపకుణ్ణి తరగతి నుంచి దూరం చేయడం నాకు ఈనాటికీ బాధగానే ఉంది. వాటికన్ ప్రకటనకు 19 ఏళ్ల ముందు, 1967లో, నోటర్‌డామ్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు థియొడోర్ హెస్‌బర్గ్ పూనికతో అమెరికాలోని కతోలిక విద్యావేత్తలు లాండ్ ఓ లేక్స్ అనే చోట సమావేశమయ్యారు. బయటి అధికారం ఏదైనా, అది గురువులదైనా గృహస్థులదైనా, దాని నుంచి విశ్వవిద్యాలయానికి నిజమైన స్వయంప్రతిపత్తి ఉండాలని ప్రకటించారు. 1990 నాటి పత్రానికి వెనుక ఈ వివాదమంతా ఉంది. అది ఈనాటికీ పూర్తిగా సద్దుమణగలేదు.

మీ అర్థశాస్త్రానికి ఆ అనుమతితో పని లేదు. మీ విషయంలో చిక్కు రాగల చోటు జనాభా అధ్యయనం, కుటుంబ నియంత్రణ విధానాలు. గణాంకాలు చెప్పడానికీ, విధానాల ఫలితాలను విశ్లేషించడానికీ అడ్డు ఉండకూడదు. అయితే సంస్థ నిధులతో, సంస్థ పేరుతో ఒక ప్రచార కార్యక్రమం నడపాలనుకుంటే అభ్యంతరం చెబుతారు. పిండకణాలతో ప్రయోగాలు చేయాలనుకునే జీవశాస్త్రవేత్తకు కూడా అనుమతి దొరకదు. మీ పరిశోధన ఆ వైపు ఉంటే సంతకానికి ముందే అడిగి, సమాధానం రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక ‘ధ్యేయం’. ఈ మాట అర్థం కావాలంటే ఎల్ సాల్వడార్‌కు వెళ్లాలి. ఆ చిన్న దేశపు రాజధానిని ఆనుకుని, యేసు సభ (జెసూట్) గురువులు 1965లో స్థాపించిన సెంట్రల్ అమెరికన్ విశ్వవిద్యాలయం ఉంది. 1980 నుంచి అక్కడ అంతర్యుద్ధం సాగింది. విశ్వవిద్యాలయ అధిపతి (రెక్టర్), తత్త్వవేత్త అయిన ఇగ్నాసియో ఎల్లకురియా ఒక ప్రశ్న వేసుకున్నాడు: చుట్టూ జనం చచ్చిపోతుంటే విశ్వవిద్యాలయం పని ఏమిటి? విశ్వవిద్యాలయం విశ్వవిద్యాలయంగానే ఉండాలి, పరిశోధన చేయాలి, అయితే ఆ పరిశోధన దేశంలోని అసలు వాస్తవం మీద ఉండాలి అన్నది ఆయన సమాధానం. సామాజిక మనస్తత్వవేత్త ఇగ్నాసియో మార్టిన్-బారో ప్రజాభిప్రాయ సేకరణ సంస్థను ప్రారంభించాడు. భయంతో నోరు మూసుకున్న దేశంలో జనం నిజంగా ఏమనుకుంటున్నారో అంకెల్లో బయటపెట్టాడు. సామాజిక శాస్త్రవేత్త సెగుందో మోంతెస్ మానవ హక్కుల సంస్థను నడిపాడు, ఇళ్లు విడిచి పారిపోయిన వారి లెక్కలు తీశాడు. వీళ్లు తుపాకులు పట్టలేదు. ప్రశ్నావళులు పట్టుకుని ఊళ్లకు వెళ్లారు.

1989 నవంబరు 16 తెల్లవారకముందే సైన్యం ఆవరణలోకి వచ్చింది. ఎల్లకురియా, మార్టిన్-బారో, మోంతెస్‌తో సహా ఆరుగురు యేసు సభ గురువులను చంపింది. ఆ రాత్రి అక్కడే తలదాచుకున్న వంటమనిషి ఎల్బా రామోస్‌నూ, ఆమె కూతురు సెలీనానూ కూడా చంపింది. గురువుల దేహాలు పడి ఉన్న చోట ఎల్బా భర్త గులాబీ మొక్కలు నాటాడు. ఆ తోట ఇప్పటికీ ఉంది. ముప్పై ఏళ్ల తర్వాత, 2020లో, స్పెయిన్ కోర్టు ఒక మాజీ కల్నల్‌కు ఈ హత్యల కేసులో 133 ఏళ్ల శిక్ష వేసింది. సర్వేలు, లెక్కలు, వ్యాసాలు చంపదగినంత ప్రమాదకరమైనవని ఆ సైన్యానికి అనిపించింది. కతోలిక విశ్వవిద్యాలయపు ధ్యేయం అనగానే నాకు ముందు గుర్తుకొచ్చేది ఆ లెక్కలే. మీరు అర్థశాస్త్రజ్ఞులు కాబట్టి మీకు ఇది బాగా తెలియాలి.

ఇచ్చిన మాట తప్పిన చరిత్ర కూడా ఉంది. దాన్ని దాచి మీకు సలహా చెప్పడం న్యాయం కాదు. అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం 1789 నాటి యేసు సభ సంస్థ. 1838లో మేరీలాండ్ యేసు సభ గురువులు తమ తోటల్లోని 272 మంది బానిసలను లూసియానాకు అమ్మేశారు. వచ్చిన సొమ్ములో కొంత ఆ కళాశాల అప్పులు తీర్చడానికి వాడారు. 2017లో సంస్థ, యేసు సభ బహిరంగంగా క్షమాపణ చెప్పాయి. అమ్మకానికి బాధ్యులైన ఇద్దరి పేర్లు భవనాల నుంచి తీసేశారు. ఒక భవనానికి, అమ్మేసినవారి జాబితాలో మొదట ఉన్న ఐజాక్ హాకిన్స్ పేరు పెట్టారు. మా కతోలికుల మాటలో దీన్ని, అంటే చేసిన పాపాన్ని నోటితో ఒప్పుకోవడాన్ని, పాపసంకీర్తనం అంటాం. మనిషి చేసినట్లే సంస్థ కూడా పాపసంకీర్తనం చేయగలదు, చేయాలి.

మన దగ్గర ఆ పాపం పేరు కులం. తెలుగు రాష్ట్రాల్లో కతోలికుల్లో దళితులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వచ్చిన దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. ఇక్కడ వారిని బీసీ-సిలో చేర్చి ఒక శాతం రిజర్వేషన్ ఇస్తున్నారు. ప్రభుత్వం వైపు తలుపు ఇంత సన్నగా ఉన్నప్పుడు కతోలిక సంస్థల తలుపు ఎంత విశాలంగా ఉండాలి? 2016 డిసెంబరులో భారత కతోలిక మేత్రాణుల (బిషప్‌ల) సమాఖ్య దళితుల సాధికారతపై ఒక విధానపత్రం విడుదల చేసి, శ్రీసభ లోపల కూడా వివక్ష ఉందని ఒప్పుకుంది. 2022లో హైదరాబాదు అగ్రమేత్రాణులు (ఆర్చిబిషప్) పూల ఆంతోని, పోపును ఎన్నుకునే మండలికి చెందిన కార్డినల్ అయ్యారు. ఆ స్థానం పొందిన తొలి దళితుడు, తొలి తెలుగువారు ఆయనే. ఆ రోజు మా విచారణ (పారిష్) గుడిలో ముసలివాళ్లు కూడా ఏడ్చారు. కానీ ఒక కతోలిక విశ్వవిద్యాలయంలో మైనారిటీ కోటా సీట్లు ఎవరికి వెళ్తున్నాయి, వ్యవసాయకూలీ కూతురికి వెళ్తున్నాయా, డబ్బున్న నగర కుటుంబాలకే వెళ్తున్నాయా అన్నది చూస్తేనే ధ్యేయం సంగతి తేలుతుంది.

మా సంస్థ ధ్యేయపత్రం సంగతి ఇక్కడ చెప్పాలి. ఎక్రెడిటేషన్ బృందం వచ్చే ముందు మేము కూర్చుని ‘పేదల పట్ల ప్రత్యేక శ్రద్ధ’ అనే వాక్యం రాశాం. అందరం తలలూపాం. వాణిజ్యశాస్త్రం చెప్పే ఒక సహోద్యోగి, ఆయనది వైష్ణవ కుటుంబం, మెల్లగా అడిగారు: “ఈ సంవత్సరం మనం చేర్చుకున్నవారిలో తల్లిదండ్రులు కూలిపని చేసేవాళ్లు ఎంతమంది?” ఎవరి దగ్గరా సమాధానం లేదు. కార్యాలయం నుంచి అంకె రావడానికి నాలుగు రోజులు పట్టింది, ఎందుకంటే అంతవరకు ఎవరూ లెక్కపెట్టలేదు. అంకె చూసి నేను సిగ్గుపడ్డాను. ఆ వాక్యం మార్చకుండానే గ్రానైట్ పలక మీదికి ఎక్కింది. లెక్క మాత్రం మరుసటి సంవత్సరం నుంచి రాయడం మొదలుపెట్టారు, రెండేళ్లకు ఫీజు రాయితీ నిధి వచ్చింది. మా సంస్థ కతోలిక స్వభావాన్ని ఆ రోజు కాపాడింది ఆయనే. గౌరవించడం అంటే అలాంటిదని నా అభిప్రాయం.

మీ శాస్త్రానికి మరీ దగ్గరిది ఇంకొకటి ఉంది. 1891లో పదమూడవ లియో పోపు ‘రేరుమ్ నొవారుమ్’ అనే లేఖలో కార్మికుడికి న్యాయమైన వేతనం, సంఘం పెట్టుకునే హక్కు ఉండాలని చెప్పారు. 2025 మేలో ఎన్నికైన ఇప్పటి పోపు, పద్నాలుగవ లియో, ఆ పేరు ఎంచుకోవడానికి ఆ లేఖే ప్రధాన కారణమని చెప్పారు. ఆయన కూడా విల్లనోవా అనే కతోలిక విశ్వవిద్యాలయంలో గణితం చదివినవారే. కాబట్టి మీరు చేరబోయే చోట వేతనాలు, అసంఘటిత కార్మికులు, కౌలురైతుల మీద పరిశోధన ప్రతిపాదిస్తే అది సంస్థ ధ్యేయానికి నడిబొడ్డున ఉన్న విషయం. ఆవరణ ఊడ్చే కాంట్రాక్టు మహిళల జీతం ఎంత అని అడిగే హక్కు కూడా ఆ వాక్యమే మీకు ఇస్తుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు విద్యాసంస్థలు స్థాపించి నడుపుకునే హక్కు ఇచ్చింది. 1974లో అహ్మదాబాదు సెయింట్ జేవియర్స్ కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ హక్కును బలపరిచింది. 28వ అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న సంస్థలో ఏ విద్యార్థినీ సమ్మతి లేకుండా మతబోధనకు కూర్చోబెట్టకూడదు. చాలామంది రెండు విషయాలను కలిపేస్తారు. మైనారిటీ హోదా రాజ్యం నుంచి వచ్చేది. ‘కతోలిక విశ్వవిద్యాలయం’ అనే పేరుకు శ్రీసభ అధికారుల సమ్మతి కావాలి, అది శ్రీసభ ధర్మశాస్త్రంలోని 808వ నియమం. మొదటిది ఉన్నంత మాత్రాన రెండో దాని బాధ్యతలు నెరవేరినట్లు కాదు.

చేరేముందు మూడు కాగితాలు అడగండి: ధ్యేయపత్రం, సేవా నియమావళి, అధ్యాపకుల ఫిర్యాదులు వినే సంఘం వివరాలు. మూడోది లేదంటే కారణం అడగండి. ‘కతోలిక విలువలకు విరుద్ధమైన ప్రవర్తన’ వంటి మాట నియమావళిలో ఉంటే దానికి నిర్వచనం ఎక్కడుందో చూపమనండి. నిర్వచనం లేని మాట ఎవరి చేతిలోనైనా ఆయుధమవుతుంది. ఒకచోట అలా జరగడం నాకు తెలుసు. పైవారికి నచ్చని ప్రశ్న అడిగిన యువ అధ్యాపకుడి మీద ఆ మాటే ప్రయోగించారు. అప్పుడు మేము ఆయన పక్షాన చూపించింది 1990 నాటి పోపు పత్రంలోని రెండో అధికరణాన్నే.

పూజల గురించి. విద్యాసంవత్సరం మొదట్లో చాలా సంస్థల్లో దివ్యబలిపూజ (మాస్) ఉంటుంది. 1990 నాటి పత్రం అంతఃకరణ స్వేచ్ఛకు ఇచ్చిన చోటును బట్టి మీరు వెళ్లి తీరాలన్న నిబంధన ఉండకూడదు. ఉందని ఎవరైనా చెబితే రాసి ఇవ్వమనండి. వెళ్లాలనిపిస్తే వెళ్లండి, మా ఆరుగురూ వచ్చేవారు. వెనక వరుసలో కూర్చోండి, అందరూ లేచినప్పుడు లేవండి. దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో పవిత్రం చేసిన అప్పం, ఇచ్చే సమయంలో మాత్రం వరుసలోకి వెళ్లకుండా మీ చోటే ఉండండి, అది విశ్వాసులకే ఇస్తారు. పూజ అయ్యాక బయట టీ ఇస్తారు. పాత అధ్యాపకులతో మొదటి పరిచయాలు అక్కడే అవుతాయి.